టిఫిన్ దుకాణానికి రెండే చట్నీలు: ఏవి పెట్టాలి?

కొత్త_పొయ్యి

వచ్చే నెలలో తిరుచానూరు రోడ్డు పక్కన చిన్న టిఫిన్ దుకాణం తెరవబోతున్నాము. పొద్దున ఇడ్లీ, దోసె, పొంగలి, ఉద్దివడ ఉంటాయి. సాయంత్రం గుంతపొంగణాలు, ఎర్రకారం దోసె వేస్తాము. ఆదివారం మధ్యాహ్నం మాత్రం రాగిసంగటి పెడదామనుకుంటున్నాము. చిక్కంతా చట్నీల దగ్గరే వచ్చింది. వంట చేసేది నేనూ మా అత్తమ్మా ఇద్దరమే కాబట్టి పూటకు రెండు చట్నీలకు మించి రుబ్బడం మా వల్ల కాదు. టెంకాయ చట్నీ, టమాటా చట్నీ ఉంటే చాలని మా ఆయన అంటున్నారు. శెనక్కాయల (వేరుశనగ) చట్నీ లేని టిఫినును మన జిల్లాలో ఎవరూ టిఫినుగా లెక్కపెట్టరని అత్తమ్మ పట్టుబట్టింది.

మా వీధి చివరి హోటల్లో ఏ పలహారం అడిగినా ఒకే తెల్లటి నీళ్ల చట్నీ పోస్తున్నారు. పొంగలికీ అదే, వడకూ అదే, చివరికి సంగటి పక్కన కూడా అదే. మేము ఆ పని చేయదలచుకోలేదు. రెండే చట్నీలతో ఈ వంటకాలన్నిటికీ న్యాయం చేయడం కుదురుతుందా? కుదిరితే ఏ రెండు?

పీలేరు_పెద్దన్న

మీ అత్తమ్మ మాటకు తిరుగులేదు. టెంకాయకు కోస్తా పుట్టిల్లయితే శెనక్కాయకు మన మెట్టనేల పుట్టిల్లు. పీలేరు, వాయల్పాడు, పుంగనూరు వైపు ఏ ఇంటికి వెళ్లినా పొద్దున దోసె పక్కన కనిపించేది శెనక్కాయల చట్నీయే. పావుకిలో గింజలను సన్నటి సెగ మీద వేయించి, పొట్టు సగం తీసి సగం ఉంచి, చెంచాడు నూనెలో మగ్గిన పచ్చిమిరపకాయలు, నానబెట్టిన చింతపండు, ఉప్పు చేర్చి రుబ్బితే ఇడ్లీకీ దోసెకూ గుంతపొంగణాలకూ ఆ ఒక్క గిన్నే సరిపోతుంది. రెండో గిన్నెలో మీ ఇష్టం వచ్చినది పెట్టుకోండి, దాన్ని ఎవరూ అడగరు.

కుప్పం_కోడలు

ఎవరూ అడగరనే మాట పీలేరులో చెల్లుతుందేమో గానీ తిరుపతిలో చెల్లదు. తిరుచానూరు రోడ్డు మీద పొద్దున తినేవారిలో ఊరివారికంటే చెన్నై, వేలూరు, బెంగళూరు, కోలారు వైపు నుంచి వచ్చిన యాత్రికులే ఎక్కువగా కనిపిస్తారు. నేను తమిళనాడునూ కర్ణాటకనూ రెండింటినీ ఆనుకొని ఉన్న కుప్పంలో కాపురం చేస్తున్నాను. మా ఇంట్లో వడకు టెంకాయ చట్నీ లేకపోతే మామగారు ప్లేటు ముట్టుకోరు. పొంగలికి కూడా టెంకాయ చట్నీయే వేయాలి. శెనక్కాయల చట్నీ వేసుకొని పొంగలి తినడం నేను మెట్టినింట ఇంతవరకూ చూడలేదు.

గుంతపొంగణం

మామగారు ముట్టుకోని ఆ వడలు చివరికి ఎవరి ప్లేటులోకి చేరుతున్నాయో కోడలుగారు చెప్పకుండా దాటేశారు.

రసాయనం_మాస్టారు

ఏ చట్నీ బాగుంటుందని ఆలోచించే ముందు ఆ పలహారంలో ఏది కొరవడిందో చూసుకోవాలని నా అభిప్రాయం. ఇడ్లీలో నూనె లేదు, కారం లేదు, పిండి పులిసినప్పుడు పుట్టిన లాక్టిక్ ఆమ్లం ఇచ్చే కొద్దిపాటి పులుపు తప్ప మరొక రుచి లేదు. పైగా ఆవిరికి ఉబ్బి గుల్లగా ఉంటుంది కనుక ఎంత పలుచని చట్నీ పోసినా పీల్చుకుంటుంది. అటు కమ్మదనాన్నీ ఇటు కారాన్నీ ఇచ్చే శెనక్కాయల చట్నీ దానికి చక్కగా కుదురుతుంది. దోసెకు కూడా అదే చట్నీ వాడవచ్చు గానీ కొంచెం గట్టిగా ఉండాలి, లేకపోతే పెనం మీద సంపాదించిన కరకరలాడే గుణమంతా ప్లేటులో పడగానే పోతుంది.

పొంగలి ఇందుకు పూర్తిగా విరుద్ధం. నెయ్యి, మిరియాలు, జీలకర్ర, జీడిపప్పు అందులో ముందే చేరి ఉన్నాయి. దాని మీద టెంకాయ చట్నీ వేస్తే కమ్మదనం మీద కమ్మదనం పేర్చినట్టే అవుతుంది, నాలుగో ముద్దకే మొహం మొత్తుతుంది. పొంగలి కోరేది పులుపు. కాల్చిన వంకాయ గొజ్జో, చింతపండు కాస్త ఎక్కువ పడిన ఎర్రగడ్డ (ఉల్లిపాయ) కారచట్నీయో పక్కన ఉంటే అదే మనిషి మరొక గరిటె వేయమంటాడు.

ఎర్రకారం దోసెది వేరే లెక్క. మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్లలో దాదాపుగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నోరు మండినవారు చెంబుడు నీళ్లు తాగినా మంట చల్లారదు గానీ టెంకాయో శెనక్కాయో నాలుకకు తగిలితే కొంత ఊరట కలుగుతుంది. కారం పూసిన దోసె పక్కన మళ్లీ ఎర్రచట్నీ వడ్డించే హోటళ్లు మన ఊళ్లో ఉన్నాయి. అది ఏ లెక్క ప్రకారం వడ్డిస్తున్నారో నాకు బోధపడదు.

కుప్పం_కోడలు

మాస్టారు చెప్పినది చదవడానికి బాగుంది గానీ ఆయన సాంబారును లెక్కలోకి తీసుకోలేదు. మా వైపు పొంగలికి టెంకాయ చట్నీతోపాటు సాంబారు తప్పనిసరిగా పోస్తారు, కాబట్టి ఆయన అడుగుతున్న పులుపు సాంబారులోని చింతపండు నుంచి వస్తుంది. చట్నీ మీద ఆ బరువు పెట్టవలసిన అవసరమే లేదు. సాంబారు లేని దుకాణంలోనైతే ఆయన మాట ఒప్పుకుంటాను.

కొత్త_పొయ్యి

సాంబారు పొద్దున పూట తప్పకుండా ఉంటుంది, సాయంత్రం ఉండదు.

రసాయనం_మాస్టారు

అలాగైతే పొద్దున పొంగలి విషయంలో కోడలుగారితో నాకు పేచీ లేదు. సాయంత్రం కారం దోసె విషయంలో మాత్రం నా మాట నిలబడుతుంది.

అలిపిరి_కాలిబాట

చర్చంతా రుచి చుట్టూనే తిరుగుతోంది గానీ తినేవారి నియమాల గురించి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. తిరుమల ప్రసాదాల్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ (వెల్లుల్లి) వాడరన్నది అందరికీ తెలిసిందే. కొండకు వచ్చే భక్తుల్లో కూడా చాలామంది దర్శనం అయ్యేవరకూ వాటిని ముట్టుకోరు. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో మన జిల్లాలోనూ, సరిహద్దు దాటి అరవదేశంలోనూ ఈ నియమం పాటించే ఇళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ తరువాత కార్తికం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్నవారు వస్తారు. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కబోయే మనిషి పొద్దున్నే మీ దుకాణంలో కూర్చుని చట్నీలో ఎర్రగడ్డ ఉందా అని అడిగితే, రెండింటిలోనూ ఉందని మీరు చెప్పవలసి వస్తే, అతను ఉత్త ఇడ్లీని చక్కెరతో తిని లేచిపోతాడు. ఇలా లేచిపోయినవారిని నేను కళ్లారా చూశాను. కాబట్టి రెండు గిన్నెల్లో ఒకటి ఎర్రగడ్డ, తెల్లగడ్డ తగలనిదై ఉండాలి, మిగిలిన చర్చ ఆ తరువాత చేసుకోవచ్చు.

పీలేరు_పెద్దన్న

ఇది మంచి మాట. నేను పైన రాసిన శెనక్కాయల చట్నీలో ఆ రెండూ లేవని గమనించగలరు. తిరగవాతలో కూడా ఆవాలు, ఉద్దిపప్పు, ఒట్టిమిరపకాయ, కరేపాకు, చిటికెడు ఇంగువ వేస్తే చాలు.

వార్డు_నర్సు

దీనికి తోడు మరొక జాగ్రత్త కూడా అవసరం. శెనక్కాయ పడనివారు మన వైపు తక్కువగానే కనిపిస్తారు గానీ పడనివారికి కొంచెం తగిలినా దద్దుర్లు, పెదవుల వాపు, ఒక్కోసారి ఊపిరి ఆడని పరిస్థితి వస్తుంది. దూరప్రాంతాల నుంచి వచ్చే పిల్లలు తినే చోట రెండు చట్నీల్లోనూ శెనక్కాయ ఉండడం మంచిది కాదు. చిక్కదనం కోసం కారచట్నీలో గుప్పెడు శెనక్కాయలు పడేసే అలవాటు చాలామందికి ఉంది, దాన్ని మానుకోవాలి. ఒక గిన్నెలో ముంచిన గరిటెను రెండో గిన్నెలో ముంచకూడదు. ఏ గిన్నెలో ఏమి ఉందో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఈ పని చేస్తే అలిపిరి_కాలిబాట గారు చెప్పిన నియమాలవారికి కూడా అడిగే శ్రమ తప్పుతుంది.

కొత్త_పొయ్యి

ఈ రెండు విషయాలూ మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అయితే ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేని శెనక్కాయల చట్నీ ఒకటి, శెనక్కాయ లేని ఎర్రటి చట్నీ ఒకటి అని దాదాపు నిశ్చయించుకున్నాము. ఆ ఎర్రటిది టమాటాతో చేయాలని మా ఆయన ఇంకా పట్టు విడవలేదు. శెనక్కాయలు ఎక్కడ, ఎలాంటివి కొనాలో కూడా చెబితే మేలు.

శెనక్కాయ_రైతు

మా వైపు ఇప్పుడు ఎక్కువగా వేసేది కదిరి-6, కొందరు తిరుపతి పరిశోధన కేంద్రం విడుదల చేసిన ధరణి రకం వేస్తున్నారు. చట్నీకి ఏ రకమైనా బాగానే ఉంటుంది. రకం కంటే గింజ ఎంత కొత్తది అన్నదే ముఖ్యం. శెనగ్గింజలో దాదాపు సగం నూనే ఉంటుంది కాబట్టి పొట్టు ఊడి, బద్దలై, గాలి తగిలిన గింజ ఎండాకాలంలో త్వరగా కనరు వాసన వేస్తుంది. ఆ వాసనను వేయింపు దాచలేదు, చింతపండు కూడా దాచలేదు. అందువల్ల నెలకు సరిపడా బద్దలు ఒకేసారి కొనకుండా వారం వారం కొనండి. వీలైతే కాయలుగా కొని ఇంట్లోనే ఒలుచుకుంటే అంతకంటే మేలు.

ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి ఏరి పారేయడం మాత్రం మరవవద్దు. తేమ తగిలిన గింజల మీద పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది, అది వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. పెనం మీద పోయకముందే చేటలో పోసి చూసుకోవాలి. నల్లకాయ అంటే మా ప్రాంతంలో పాత భయం ఒకటి ఉంది. 1970ల్లో శ్రీకాళహస్తి చుట్టుపక్కల చేలల్లో కాయలు నల్లబడి, చిన్నవైపోయి, దిగుబడి పడిపోయింది; అది వేరును ఆశించే నులిపురుగు పని అని తేలి, దానికి కాళహస్తి తెగులు అనే పేరు స్థిరపడింది. ఆ రోజులు చూసిన మా పెద్దలు ఇప్పటికీ నల్లకాయను చేత్తో తీసి పొయ్యిలోనే వేస్తారు.

ఇంకొక విషయం చెప్పాలి. వేయించిన గింజలు బాగా చల్లారాక రుబ్బండి. వేడి మీద మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్దలా జిగురుకట్టి, ఎన్ని నీళ్లు పోసినా కలవదు.

కపిలతీర్థం

పెద్దన్నగారు శెనక్కాయకు మన నేలను పుట్టిల్లు అన్నారు గానీ దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా, మనది మెట్టినిల్లు. మిరపకాయ, టమాటా కూడా అటు నుంచి వచ్చినవే. పోర్చుగీసు ఓడలు కోళికోడు రేవుకు చేరింది 1498లో. తాళ్లపాక అన్నమయ్య కన్నుమూసింది 1503లో. అంటే ఆయన తన జీవితంలో మిరపకాయ చట్నీని గానీ శెనక్కాయల చట్నీని గానీ రుచి చూసి ఉండే అవకాశం లేదు. ఆయన కాలపు వంటింట్లో కారమంటే మిరియమే. శ్రీవారి వడ, దోసె ఇప్పటికీ మిరియాల ఘాటుతోనే ఉంటాయి, వాటిని ఎవరూ చట్నీ అడగకుండానే తింటారు. కారం, ఉప్పు, నెయ్యి తనలోనే నింపుకున్న వంటకానికి చట్నీతో పని లేదని ఆ వడ ఒక్కటి చూస్తే చాలు, మాస్టారు పైన చెప్పిన సూత్రానికి అంతకంటే గట్టి సాక్ష్యం అక్కరలేదు.

పీలేరు_పెద్దన్న

పుట్టింటికంటే మెట్టినింట్లోనే ఎక్కువగా రాణించిన కోడలని సరిపెట్టుకుంటాను.

పెళ్లి_వంటలు

ఇంతమంది రాసినా, ఆ గిన్నెను పదకొండు గంటల దాకా చెడకుండా ఎలా నిలపాలో ఎవరూ రాయలేదు. తిరుపతిలో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పొద్దున అయిదుకు రుబ్బిన టెంకాయ చట్నీ తొమ్మిదికే పులుస్తుంది, పదికి జిగురు సాగుతుంది. అందుకే చిన్న దుకాణానికి ఎండాకాలంలో టెంకాయ చట్నీ వద్దని నేను చెబుతాను. టెంకాయ మీద మోజు తీరనివారి కోసం శెనక్కాయల చట్నీలో పావు వంతు టెంకాయ కలపవచ్చు, దానితో రంగు తెల్లబడి కమ్మదనం పెరుగుతుంది గానీ నిలవ తగ్గుతుంది.

ఏ చట్నీ అయినా కాచి చల్లార్చిన నీళ్లతోనే రుబ్బండి. ఉత్త నీళ్లకు బదులు చింతపండు రసం పోస్తే ఆ పులుపే చట్నీని మరికొంతసేపు కాపాడుతుంది. మొత్తం ఒకేసారి రుబ్బి పెట్టవద్దు, సగం పొద్దున, మిగిలిన సగం ఎనిమిదింటికి రుబ్బండి. తిరగవాతను చిన్న గిన్నెలో వేరుగా ఉంచుకొని, బయట పెట్టిన చట్నీలో ఎప్పటికప్పుడు కలపండి. మరొక సంగతేమిటంటే శెనక్కాయ, పుట్నాల పప్పు రెండూ నానుతున్నకొద్దీ నీళ్లు తాగుతాయి. పొద్దున ఇడ్లీకి సరిపోయేంత జారుగా ఉన్న చట్నీ రెండు గంటల్లో ముద్దకడుతుంది. అప్పుడు పచ్చినీళ్లు పోసి పలుచన చేసేవారి చట్నీయే మధ్యాహ్నానికి వాసన వేస్తుంది.

సంగటి_ముద్ద

ఆదివారం సంగటి పెడతామన్నారు కాబట్టి నిర్మొహమాటంగా చెబుతున్నాను: మీరు నిశ్చయించుకున్న రెండింటిలో ఏదీ సంగటికి పనికిరాదు. సంగటికి ఊరిబిండి కావాలి.

కారణం సంగటి తినే తీరులోనే ఉంది. సంగటిని అన్నంలా నమిలి తినము. వేడి ముద్దను చిదిపి, వేళ్లతో చిన్న ఉండ చేసి, అద్దుకొని, దాదాపు నమలకుండానే మింగుతాము. మెత్తగా రుబ్బిన చట్నీ అద్దుకుంటే మెత్తదనం మీద మెత్తదనం చేరి నోటికి పని లేకుండా పోతుంది. ఊరిబిండిలో పంటికి తగిలే పలుకు ఉంటుంది. ముందు రోట్లో ఉప్పు, వేయించిన ఒట్టిమిరపకాయలు, తెల్లగడ్డ పాయలు, కాస్త చింతపండు మెత్తగా నూరుకోవాలి. తరువాత వేయించిన శెనగ్గింజలు వేసి దంచాలి. గింజ నాలుగైదు ముక్కలు కావాలి గానీ పిండి కాకూడదు. అన్నిటికంటే చివర పచ్చి ఎర్రగడ్డ ముక్కలు వేసి రోకలితో రెండు మూడు పోట్లు వేస్తే అది చితికి రసం వదులుతుంది. ఆ రసమే ఊరిబిండికి తడి. నీళ్లు ఒక్క చుక్క కూడా పోయనక్కరలేదు. నీళ్లు పోసి కలిపినదాన్ని ఊరిబిండి అని వడ్డించే హోటళ్లు ఎక్కువయ్యాయి. చిరుధాన్యాల మోజులో సంగటి పెద్ద హోటళ్లకు ఎక్కింది గానీ ఊరిబిండి వెంట ఎక్కలేకపోయింది.

పచ్చి ఎర్రగడ్డ వేసినది కనుక ఆ పూటకే చేసుకోవాలి, సాయంత్రానికి మిగల్చకూడదు.

గుంటూరు_అల్లుడు

చిత్తూరు ఆడపడుచును పెళ్లి చేసుకొని ఇక్కడే స్థిరపడినవాడిగా అడుగుతున్నాను. ఇంత చర్చలో గోంగూర పేరు ఒక్కరూ ఎత్తకపోవడం ఏమిటి? సంగటికి గోంగూర పచ్చడి కంటే మంచి జోడీ ఉంటుందా? దోసెకు అల్లం పచ్చడి కూడా ఎవరూ చెప్పలేదు.

గుంతపొంగణం

అల్లుడుగారు అలిగేలోపు ఎవరైనా జవాబివ్వండి.

సంగటి_ముద్ద

గోగాకు సంగటికి బాగానే ఉంటుంది, కాదనను. అయితే మా ఇళ్లలో గోగాకును పచ్చిమిరపకాయలతో ఉడికించి, ఎనిపి, జారుగా చేసుకుంటాము. మీ వైపు నూనెలో వేయించి నిలవపెట్టే పచ్చడి ఉప్పు, కారం రెండూ ఎక్కువగా ఉండి వేడి అన్నానికి కలుపుకోవడానికే బాగుంటుంది. ఆదివారం ఊరిబిండి చేయడానికి చేతులు చాలకపోతే గోగాకు ఎనిపి పెట్టడం మంచి ఉపాయమే. ముందురోజు రాత్రి చేసినా చెడదు.

రసాయనం_మాస్టారు

అల్లం పచ్చడి పెసరట్టుకు పుట్టిన జోడీ. పెసరపిండి పులియదు, అట్టు కాస్త పచ్చివాసనగా, కడుపుకు బరువుగా ఉంటుంది. అల్లం ఘాటు, బెల్లం తీపి దాన్ని సరిచేస్తాయి. మన దోసె పిండి పులిసినదే కనుక దానికి అల్లం అంత అవసరం లేదు. మీరు పెసరట్టు మొదలుపెడితే అప్పుడు అల్లుడుగారి మాట వినండి.

బెంగళూరా_తోట

టమాటా మీద పట్టు పట్టిన అన్నగారికి ఒక మాట. మదనపల్లె మార్కెట్ మన పక్కనే ఉంది కాబట్టి టమాటా ఎప్పుడూ చవకగా దొరుకుతుందని అనుకోవద్దు. 2023 జూలైలో ఆ మార్కెట్లోనే కిలో ధర నూరు రూపాయలు దాటింది. మరికొన్ని నెలల్లో కోత కూలి కూడా గిట్టక రైతులు కాయను రోడ్డు పక్కన పారబోస్తారు. ఇంత ఊగిసలాడే సరుకు మీద రోజువారీ చట్నీని నిలబెడితే ఒక నెల లాభం మరొక నెలలో పోతుంది, లేదా చట్నీలో టమాటా తగ్గి రుచి మారుతుంది. ఎర్రచట్నీకి పులుపు చింతపండుతో తెచ్చుకొని, టమాటా చవకగా ఉన్న రోజుల్లో నాలుగు కాయలు అదనంగా వేసుకోవడం క్షేమం.

మే, జూన్ నెలల్లో మాత్రం మా తోటల వైపు కూడా చూడండి. బెంగళూరా (తోతాపురి) మామిడికాయను గుజ్జు ఫ్యాక్టరీల సరుకుగానే అందరూ చూస్తారు గానీ పచ్చిగా ఉన్నప్పుడు అది నాటుకాయంత పులుపు లేకుండా, కరకరలాడుతూ చట్నీకి ఎంతో అనువుగా ఉంటుంది. తురిమిన కాయ, పచ్చిమిరపకాయ, కాస్త టెంకాయ, ఉప్పు వేసి బరకగా తిప్పి ఆవాల తిరగవాత వేస్తే పొంగలికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఎర్రగడ్డ అక్కరలేదు, శెనక్కాయ అక్కరలేదు. 2025లో ఈ కాయ ధర ఎంతగా పడిపోయిందంటే ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, పైన 4 రూపాయలు తాను ఇస్తానని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. మీ దుకాణం కొనే రెండు బుట్టలతో మా కష్టం తీరదు గానీ మీకు మాత్రం చవకగా చట్నీ అమరుతుంది.

కుప్పం_కోడలు

పొంగలికి మామిడికాయ చట్నీ నేను తినలేదు, కానీ ఊహించుకుంటేనే నోరూరుతోంది. అందులో టెంకాయ కూడా ఉంది కాబట్టి మామగారికి పెట్టి చూస్తాను.

కొత్త_పొయ్యి

టమాటా ధరల సంగతి చదివి వినిపించాక మా ఆయన చింతపండుకు ఒప్పుకున్నారు. పొద్దునా సాయంత్రమూ శెనక్కాయల చట్నీ ఉంటుంది. దానితోపాటు ఒట్టిమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, చింతపండుతో కారచట్నీ చేస్తాము. కారం దోసె అడిగినవారికి కారచట్నీ వేయము. ఆదివారం సంగటికి అత్తమ్మ ఊరిబిండి దంచుతానంది గానీ యాభై ముద్దలకు సరిపడా రోట్లో దంచడం ఆమె వయసుకు కష్టం. మిక్సీలో చేస్తే ఏమవుతుందో అనుభవం ఉన్నవారు చెప్పండి.

సంగటి_ముద్ద

మిక్సీలో చేసినది నేనైతే తినను.

పాత_రోలు

నా పేరు చూసి నేను కూడా రోలే వాడమంటానని అనుకోవద్దు. మిక్సీలో కూడా ఊరిబిండి వస్తుంది, మీటను ఒకేసారి తిప్పి వదిలేయకూడదు, అంతే. మిరపకాయలు, ఉప్పు, తెల్లగడ్డ, చింతపండు ముందుగా ఒక వాయి మెత్తగా తిప్పి వేరే గిన్నెలోకి తీసేయండి. జారులో తడి లేకుండా తుడిచి, గింజలను మూడో వంతుకు మించకుండా పోసి, ఒక్క క్షణం తిప్పి ఆపండి, జారును కదిలించి మళ్లీ ఒక్క క్షణం తిప్పండి. నాలుగైదుసార్లు ఇలా చేస్తే బరకగా పలుకు వస్తుంది. ఎర్రగడ్డను మాత్రం మిక్సీలో వేయవద్దు, చేదు దిగుతుంది. సన్నగా తరిగి, ఉప్పు చల్లి, చేత్తో గట్టిగా పిసికి కలిపితే రోకటి పోటు చేసే పని చాలావరకు జరుగుతుంది. మీ అత్తమ్మకు ఆ చివరి కలపడం అప్పగించండి, ఉప్పూ కారమూ ఆమె చేతిలోనే సరిపడతాయి.

శెనక్కాయ_రైతు

యాభై ముద్దలంటే రెండు కిలోల గింజలు దగ్గర పెట్టుకోండి, ఊరిబిండి రుచి కుదిరితే ఒక్కో ముద్దకు రెండుసార్లు అడుగుతారు.

కొత్త_పొయ్యి

రెండోసారి అనగానే అసలు సందేహం గుర్తుకొచ్చింది. ఒక ఇడ్లీ ప్లేటుకు మూడుసార్లు చట్నీ అడిగేవారి దగ్గర అదనంగా డబ్బు తీసుకోవాలా, వద్దా?

పీలేరు_పెద్దన్న

చట్నీకి డబ్బులడిగే టిఫిన్ దుకాణం మన జిల్లాలో నిలబడిన దాఖలా లేదు.

పెళ్లి_వంటలు

పెద్దన్నగారి ఉదారత వేరేవారి గల్లాపెట్టె మీద నడుస్తోంది. దుకాణం నడిపేవారికి శెనక్కాయ ఖరీదైన సరుకే. డబ్బు అడగవద్దు, కానీ గరిటె చిన్నది పెట్టండి. మొదటి వడ్డన నిండుగా వేసి, ఆపైన అడిగినవారికి చిన్న గరిటెతో ఎన్నిసార్లయినా వేయండి. గిన్నెలను బల్లల మీద వదలకుండా మనిషి చేతిలో ఉంచండి. పార్సిలుకు మాత్రం గట్టి చట్నీనే కట్టండి, పలుచనిది దారిలో కారి మీ పేరు చెడగొడుతుంది. తీసుకెళ్లినవారు ఇంట్లో కాచిన నీళ్లు కలుపుకుంటారు.

వార్డు_నర్సు

పార్సిల్ పొట్లాల మీద కూడా శెనక్కాయ ఉన్నదీ లేనిదీ గుర్తు పెట్టడం మరవవద్దు. ఇంటికి చేరాక ఏది ఏదో చెప్పేవారు అక్కడ ఉండరు.